కానుక కవర్లు

‘నీలం సిలిండరు’ ధారావాహిక: పదకొండో భాగం

కిందటి వారం జీవమ్మను కొత్త గ్యాసు కంపెనీ కౌంటరు ముందు వదిలేశాం. అద్దం వెనక కూర్చున్న మలయాళీ గుమాస్తా కంప్యూటరులో మూడుసార్లు వెతికి, ఆ పేర్ల మీద ఎవరూ డబ్బు కట్టలేదని తేల్చి చెప్పాడు. మూడు వారాలుగా ‘రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది’ అని ఇంటింటికీ సర్దిచెబుతున్న మనిషికి ఆ ఒక్క మాటతో ఇక చెప్పడానికేమీ మిగల్లేదు.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళకు రెండు ముక్కలు. జీవమ్మది రాజోలు దగ్గర పల్లె. బహ్రెయిన్ వచ్చి తొమ్మిదేళ్ళు. భర్త టిమోతి ఒక కాంట్రాక్టు కంపెనీలో పికప్ డ్రైవరు. మహూజ్‌లో రెండు గదుల ఫ్లాటులో ఉంటూ, ఆమె ముప్ఫై మందికి క్యారియర్లు కడుతుంది. ఇన్నాళ్ళూ అందరూ ఎర్ర సిలిండర్ల కంపెనీ గ్యాసే వాడారు. ఫోన్ చేస్తే బండి నాలుగు రోజులకు వచ్చేది, మనసైతే. ఈమధ్య నీలం సిలిండర్లతో ఇంకో కంపెనీ వచ్చింది. రేటు తక్కువ, ఫోన్ చేసిన రోజే ఇంటికి తెస్తామంది. ఒక్కటే పేచీ. ఎర్ర సిలిండరును ఈ కొత్తవాళ్ళు పుచ్చుకోరు, దాని రెగ్యులేటరు దీనికి పట్టదు. కాబట్టి సిలిండరుకీ, మొదటి రెండు నెలల గ్యాసుకీ కలిపి ముందే కట్టాలి. ఇంటికి ఇరవై రెండు దీనార్లు. పదిళ్ళకు పైగా ఒకేసారి కడితే రెగ్యులేటర్లు ఊరికే ఇస్తారు.

ఆ ఊరికే అన్న మాట జీవమ్మను కదిలించింది. చెప్పులరిగేలా తిరిగి తెలుగు క్రైస్తవ సహవాసంలో పది ఇళ్ళను ఒప్పించింది. సనాబిస్‌లో తన క్యారియరు తినే దేవన్న గది పదకొండోది, తన ఇల్లు పన్నెండోది. అందరూ ఆమె మాట మీద ఎర్ర సిలిండర్లు వాపసు చేసేశారు. డబ్బు కట్టే బాధ్యత సంఘ పెద్ద ఎలియేజరు తీసుకున్నారు. అరబ్బీ వచ్చినవారు, కారున్నవారు, పైగా టిమోతి పనిచేసే కంపెనీలోనే సూపర్‌వైజరు. అంతకన్నా భరోసా ఏం కావాలి.

ఇక ఈ వారం సంగతి.

శుక్రవారం ఆరాధన పన్నెండున్నరకు ముగిసింది. మహూజ్‌లో ఆ విల్లా హాలు ఒంటిగంట దాకా తెలుగువాళ్ళది, తర్వాత తమిళ సంఘం వాళ్ళది. అంటే జీవమ్మకు దక్కింది అరగంట. ఆఖరి ఆమెన్ అయ్యీ కాకముందే ఆమె లేచి నిలబడింది. ఇలా లేచి మాట్లాడటం తొమ్మిదేళ్ళలో ఇదే మొదలు.

“అన్నయ్యగారూ, అందరూ ఉండగానే ఒక్క మాట. మంగళవారం గ్యాసు కంపెనీకి వెళ్ళానండి. మన డబ్బు కట్టలేదంటున్నారు.”

చెప్పులు తొడుక్కోబోతున్నవాళ్ళు ఆగిపోయారు. ఎలియేజరు కళ్ళజోడు తీసి, రుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయనకు తొందర ఎప్పుడూ లేదు. పెళ్ళిళ్ళకైనా, సమాధి కార్యక్రమాలకైనా అదే నిదానం.

“ఏ డబ్బమ్మా?”

“గ్యాసు డబ్బండి. పన్నెండు కవర్లు. నేను తెచ్చి మీ చేతికిచ్చానుగా.”

“కవర్లిచ్చావు. కాదనను. అవి కృతజ్ఞత కానుకలు కదమ్మా. బల్ల మీద పెట్టాం, ప్రార్థన చేశాం, లెక్కలో రాశాం. పాలకొల్లు దగ్గర మన ప్రార్థనా మందిరం స్లాబుకి ఆ సోమవారమే పంపేశాం. స్లాబు పడింది కూడా. ఫోటోలొస్తాయి.”

జీవమ్మకు ముందు నవ్వొచ్చినట్టయింది. ఆయన తమాషాకి అంటున్నారేమోననుకుంది. ఆయన ముఖం చూశాక ఆ నవ్వు పోయింది.

ఇక్కడ ఆ కవర్ల సంగతి చెప్పుకోవాలి. సహవాసంలో కానుక ఇచ్చేవాళ్ళకు అచ్చు కవర్లుంటాయి. మీద గోధుమ వెన్నుల బొమ్మ, దాని కింద ‘కృతజ్ఞతార్పణ’ అన్న అక్షరాలు, ఆ కింద పేరు రాసుకోవడానికి ఒక గీత. ఆ గీత మీద ఎవరూ పేరు రాయరు. రాస్తే గొప్పలు పోతున్నాడని చెవులు కొరుక్కుంటారు. గ్యాసు డబ్బు పోగవుతున్నప్పుడు ఎలియేజరే అన్నారు, “విడి నోట్లెందుకు చెల్లెమ్మా, కానుక కవర్లలో పెట్టించు. శుక్రవారం బల్ల మీద పెట్టి ప్రార్థన చేసి, ఆదివారం కట్టేస్తాను. మంచిపని ప్రార్థనతో మొదలవ్వాలి” అని. జీవమ్మ కవర్లు కళ్ళకద్దుకుని ఇంటింటికీ వెళ్ళి తలో కవరూ పంచింది. రసీదు సంగతి ఎవరికీ తోచలేదు. సంఘ పెద్దను రసీదు అడగడమంటే దొంగా అని పిలవడంతో సమానం వాళ్ళ లెక్కలో. ఇదే పని ఏ కిరాణా కొట్టువాడితోనో పెట్టుకుని ఉంటే పైసాకి కూడా చీటీ రాయించుకునేవాళ్ళు.

“అన్నయ్యగారూ, మీరే కదండీ కవర్లలో పెట్టమన్నారు. గ్యాసుకని చెప్పి ఇచ్చాను కదండీ.”

“గ్యాసని నాతో అనలేదమ్మా. విశ్వాసులు ఇచ్చారన్నయ్యా అని బల్ల మీద పెట్టమన్నావు. పనుల ఒత్తిడిలో మరిచిపోయి ఉంటావు. నీ తప్పని నేననను.” ఆయన గొంతులో దయ తొణికిసలాడింది. ఆ దయే జీవమ్మకు చెంపదెబ్బలా తగిలింది. “పైగా ఆ రోజు ‘ఈ కానుకలను అంగీకరించు తండ్రీ’ అని ప్రార్థిస్తే మీరందరూ ఆమెన్ అన్నారు. ఒక్కరు కూడా, అన్నయ్యా ఇది గ్యాసు డబ్బు అనలేదు.”

ఆ మాట నిజమే. అందరూ ఆమెన్ అన్నారు, జీవమ్మ అందరికన్నా గట్టిగా అంది. ప్రార్థనలో వచ్చే మాటలన్నీ ఒక్కొక్కటిగా పట్టి చూసి ఆమెన్ చెప్పేవాళ్ళు లోకంలో ఎవరున్నారు. హాల్లో కళ్ళన్నీ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, చివరికి జీవమ్మ మీదకొచ్చి ఆగాయి.

ముందు వరసలో కూర్చున్న లోవమ్మ పిన్ని నెమ్మదిగా అంది, “మేం అన్నయ్యగారికివ్వలేదు జీవా. నీ చేతికిచ్చాం. నీ మాట మీద ఇచ్చాం.”

లోవమ్మ మూడు వారాలుగా కోడలి బాలింత పథ్యం పక్కింటి పాకిస్తానీవాళ్ళ పొయ్యి మీద వండుకుంటోంది. ఆమె అలా అనడంలో తప్పేమీ లేదు. అదే మరీ నొప్పిగా ఉంది.

జీవమ్మ హాలంతా కళ్ళతో వెతికింది. రెండో వరస చివర రోజీ ఉంది, రెండేళ్ళ కొడుకు మూతి తుడుస్తూ. చూడగానే జీవమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు రిఫాలో ఎలియేజరు ఇంటికి కవర్లు తీసుకెళ్ళినప్పుడు రోజీ పక్కనే ఉంది. ఎలియేజరు భార్య రోజీకి స్వయానా పెద్దమ్మ. కానీ చుట్టరికానికేముంది, రోజీకి ఈ దేశంలో తల్లి, అక్క, వంటగురువు అన్నీ జీవమ్మే. సల్మానియా ఆసుపత్రిలో కాన్పు కష్టమై రోజీ మూడు రోజులు అల్లాడితే, ముప్ఫై క్యారియర్లూ మానుకుని మంచం పక్కన కూర్చున్నది జీవమ్మ.

“రోజీ, నువ్వు ఉన్నావుగా ఆ రోజు. అన్నయ్యగారు ఏమన్నారో చెప్పమ్మా.”

రోజీ కొడుకు మూతి తుడుస్తూనే ఉంది. అక్కడ తుడవాల్సిందేమీ లేదు.

“నేను వంటింట్లో పెద్దమ్మ దగ్గర ఉన్నానక్కా. సరిగా వినలేదు.”

“టీ తెచ్చి ఇచ్చింది నువ్వే కదా. ఆదివారం కట్టేస్తానని ఆయనంటే, రెగ్యులేటరు కూడా ఇస్తారా పెదనాన్నా అని అడిగింది నువ్వే కదా.”

“ఏమో అక్కా. నాకు గుర్తు లేదు.”

ఎలియేజరు అబద్ధమాడితే కోపం వచ్చింది. రోజీ ఆడితే కోపం కూడా రాలేదు. తను ఎవరికి ఏం చెడు చేసిందో ఆమెకు బోధపడలేదు.

అప్పుడే గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట పక్కనుంచి ఒక గొంతు వినిపించింది.

“నేను లోపలికి రావొచ్చా సార్?”

దేవన్న. కామారెడ్డి దిక్కు మనిషి, సనాబిస్‌లో ఆరుగురితో ఒకే గదిలో ఉంటాడు, సిమెంటు పని. జీవమ్మే రమ్మని చెప్పింది, మీ డబ్బు సంగతి కూడా తేలుతుంది రమ్మని. తనది కాని ప్రార్థన జాగా కదా అని గంట నుంచీ బయటే నిలబడ్డాడు. ఎలియేజరు రమ్మని చెయ్యూపగానే తలపాగా తువ్వాలు తీసి చేత పట్టుకుని లోపలికొచ్చాడు.

“మీ మాటలన్నీ విన్న సార్. నాకొక్కటి సమజైతలేదు. మా గదిది ఒక కవరుండె. అది కూడ మీ మందిరానికే రాసిన్రా?”

“బల్ల మీదకి వచ్చినవన్నీ కానుకలే తమ్ముడూ.”

“నేను మీ మందిరానికి ఎందుకిస్త సార్? మా ఊళ్ళె పోచమ్మ గుడికే ఇంక ఇయ్యలే, మూడేండ్ల సంది మొక్కు ఉన్నది.”

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఎలియేజరు నవ్వలేదు. దేవుడు ఎవరి హృదయాన్నైనా కదిలించగలడని అన్నారు. దేవన్న ఆ మాటకు గౌరవంగా తలాడించాడు, కానీ వదల్లేదు.

“నిజమే సార్, కదిలిస్తడు. గని నా కవరు జర సూపియ్యిన్రి. మంచిగ గ్యాసు రావాలని కుంకుమ బొట్టు పెట్టి, మా గది నంబరేసిన. మీ పద్ధతి నాకు ఎర్క లేదు.”

పెళ్ళికాని కుర్రవాళ్ళలో కాస్త దురుసు మనిషి అచ్చిబాబు. గారేజీలో పని. అతను ఎవరి అనుమతీ అడగకుండా బల్ల కింద రేకుపెట్టె లాగాడు. నెలాఖరు తనిఖీ దాకా ఖాళీ కవర్లు పారేయకూడదని సంఘం నియమం. ఆ శుక్రవారం తేదీ వేసి రబ్బరుబ్యాండు కట్టిన కట్ట తీసి బల్ల మీద ఒక్కొక్కటిగా పరిచాడు. నాలుగో కవరు మీద గోధుమ వెన్నుల మధ్య కుంకుమ బొట్టు ఎర్రగా ఉంది. గీత మీద పేరుకు బదులు ‘రూం 7’ అని వంకర అక్షరాలు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. లోవమ్మ పిన్ని లేచి దగ్గరకొచ్చి చూసింది. ఇంత సేపటికి జీవమ్మకు కాస్త ఊపిరి ఆడింది. దేవన్న కవరు కానుక కాదని తేలితే, దాని పక్కనున్నవి కూడా కాదని తేలినట్టే. ఎలియేజరు జేబులోంచి రుమాలు మళ్ళీ బయటికొచ్చింది.

అంతలో అచ్చిబాబు కవర్లు లెక్కపెట్టడం ముగించి తలెత్తాడు.

“ఇవి పదే ఉన్నాయండి. జీవమ్మక్కా, మీరు పన్నెండన్నారు కదా.”

“పన్నెండే. నేనే దారం కట్టి ఇచ్చాను.”

ఎలియేజరు వెంటనే రిజిస్టరు తెరిచారు. ఆ శుక్రవారం తేదీ కింద కవర్లు పది అని రాసి ఉంది, కింద కోశాధికారి సంతకం ఉంది. ఆయన దాన్ని అందరివైపూ తిప్పి చూపించారు.

“మరి ఆ రెండూ ఏమయ్యాయి జీవా?” అంది లోవమ్మ పిన్ని.

జీవమ్మ బల్ల మీద కవర్లకేసి చూసింది. పేర్లు లేవు కాబట్టి ఏది ఎవరిదో చెప్పలేం. కానీ తన కవరు తనకు తెలుసు. ఆ రోజు పులుసులో చెయ్యి పెట్టి ఉండగా టిమోతి డబ్బు తెస్తే, చెయ్యి కడుక్కోకుండానే కవరులో పెట్టింది. మూల మీద పసుపు వేలిముద్ర పడింది. ఆ ముద్ర ఈ పదింటిలో దేని మీదా లేదు. లేని రెండింటిలో ఒకటి తనదే.

ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అందరి డబ్బూ స్లాబులో కలిసిపోయి, తన డబ్బు మాత్రం కలవలేదని ఎలా చెప్పడం. చెబితే తనను ఎవరు నమ్ముతారు. ఎలియేజరే కావాలని తీసి దాచి, నేరం తన మీదకు నెట్టాలని చూస్తున్నారని ఆమెకు గట్టిగా అనిపించింది. అనిపించినా రుజువు లేదు.

బయట తమిళవాళ్ళు వచ్చేశారు. తలుపు మీద మెల్లగా తడుతున్నారు, కీబోర్డు మోసుకొచ్చిన ఇద్దరు కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తున్నారు. ఎలియేజరు రిజిస్టరు మూసేశారు.

“వచ్చే శుక్రవారం మళ్ళీ కూర్చుందాం. ఆ రెండు కవర్లూ ఏమయ్యాయో సిస్టర్ జీవమ్మ చెప్పాలి. నేను చెప్పేది కూడా అప్పుడే చెబుతాను. అప్పటిదాకా ఆమె ప్రభు బల్లకు దూరంగా ఉంటే మంచిది. ఇది శిక్ష కాదు. సంఘం క్షేమం కోసం.”

ఎవరూ అడ్డు చెప్పలేదు. అచ్చిబాబు ఏదో అనబోయి, లోవమ్మ కళ్ళతో వారిస్తే ఊరుకున్నాడు. పద్నాలుగో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచీ ఆ బల్లకు జీవమ్మ ఒక్క నెల దూరమైంది లేదు. జ్వరమొచ్చినా వెళ్ళింది, తండ్రి పోయిన వారం కూడా వెళ్ళింది. వచ్చే శుక్రవారం నెలలో మొదటి శుక్రవారం. అందరూ రొట్టె తీసుకుంటుంటే తను వెనక కుర్చీలో చేతులు ముడుచుకుని కూర్చోవాలి. డబ్బు పోతే ఓవర్‌టైం క్యారియర్లు కట్టి తీర్చగలదు. పరాయి దేశంలో ఆమెకున్న ఊరూ వాడా ఆ హాలే. అది పోతే కట్టుకోవడానికి ఇంకోటి లేదు.

బయట ఎండ మండిపోతోంది. రోజీ పిల్లాణ్ణెత్తుకుని అప్పటికే వెళ్ళిపోయింది. దేవన్న గోడ నీడన ఆమె కోసం ఆగి ఉన్నాడు.

“అక్కా, నా వల్ల పని ఖరాబైందా? కవరు సూపియ్యిమని నేనడగకపోతే మంచిగుండునేమో.”

“నీ తప్పేం లేదు దేవన్నా. నువ్వొక్కడివే నిజం మాట్లాడావు లోపల.”

“ఇంకొకటి సెప్పాలె. సెప్పాల్నా వద్దా అని పొద్దుగాల సంది ఆలోశన జేస్తున్న.” అతను తువ్వాలు భుజం మీద వేసుకుంటూ చుట్టూ చూశాడు. “రోజక్క వాళ్ళ బిల్డింగు మా గల్లీలనే గద. అక్కడికి నీలం గ్యాసు బండి వచ్చింది. ఒకసారి గాదు, రెండు సార్లు వచ్చింది. పోయిన వారం బేస్తారం, అదే గురువారం, మా గది పరశురాం సిలిండరు పైకెక్కియ్య సాయం గూడ జేసిండు. మూడో అంతస్తుకు.”

మూడో అంతస్తులో ఉన్నది రోజీ వాళ్ళొక్కరే. మిగతా రెండు ఫ్లాట్లూ తాళాలేసి ఉన్నాయి.

టిమోతి పికప్ రోడ్డు మీద ఆగి ఉంది. ఈరోజు డ్యూటీ ఉందని ఆరాధనకు రాలేదతను, ముగిసే వేళకు తీసుకెళ్ళడానికి వచ్చాడు. జీవమ్మ ఎక్కి కూర్చుని, లోపల జరిగినదంతా చెప్పింది. అతను స్టీరింగు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. మామూలుగా టిమోతి పెట్రోలు బంకులో యాభై ఫిల్సు తేడా వస్తే దిగి అడిగే మనిషి. మూడు వారాలుగా ఇంత డబ్బు సంగతిలో ‘పోనీలే’ అన్న మాట తప్ప ఇంకోటి అనలేదు. తనను నొప్పించడం ఇష్టం లేకనే అని జీవమ్మ మురిసిపోయింది. ఎర్ర సిలిండరు ఇచ్చేసి పొయ్యి ఆరిపోయిన ఇంట్లో, అడక్కుండానే రెండు ప్లేట్ల కరెంటు పొయ్యి కొని తెచ్చిపెట్టిందీ అతనే. దాని మీదే కిందా మీదా పడి పద్నాలుగు క్యారియర్లైనా నిలబెట్టుకుంటోంది.

“సనాబిస్ పోనివ్వండి. రోజీతో మాట్లాడాలి.”

“ఇప్పుడెందుకు? ఎండ చూడు ఎలా ఉందో. ఇంటికెళ్ళి అన్నం తిన్నాక చూద్దాం.”

“ఇప్పుడే వెళ్ళాలి.”

అతను బండి సనాబిస్ వైపు తిప్పాడు. బిల్డింగు ముందు ఆపి, తను కిందే ఉంటానన్నాడు. ఇంజను కట్టెయ్యకుండా ఏసీ వేసుకుని కూర్చున్నాడు.

లిఫ్టు పని చేయడం లేదు. మూడంతస్తులూ ఎక్కేసరికి జీవమ్మ చీర కుచ్చిళ్ళు చెమటకు కాళ్ళకు చుట్టుకున్నాయి. రోజీ తలుపు తీసి, వెంటనే మూయబోయి, మూయలేక నిలబడిపోయింది. లోపల్నుంచి పప్పు తిరగమోత వాసన. ఆ తిరగమోతలో ఇంగువ చివర్లో వేయడం రోజీకి నేర్పింది జీవమ్మే.

జీవమ్మ నేరుగా వంటింట్లోకి నడిచింది. పొయ్యి కింద నీలం సిలిండరు, కొత్త రెగ్యులేటరు, ఇంకా ప్లాస్టిక్ చుట్టు పూర్తిగా విప్పని గొట్టం. స్టవ్ మీద మంట నీలంగా, నిలకడగా మండుతోంది. మూడు వారాలుగా ఆమె కలలోకి వస్తున్న మంట అది. పప్పు అడుగంటేలా ఉంది. జీవమ్మ అలవాటు చొప్పున చెయ్యి చాపి మంట తగ్గించింది.

రోజీ అది చూసి ఏడుపు ఆపుకోలేకపోయింది.

“అక్కా, నన్ను తిట్టండక్కా. ఊరికే అలా నిలబడకండి.”

“తిట్టడానికి రాలేదే. అడగడానికొచ్చాను. నీ కవరు ఆ పదింటిలో లేదు. అవునా?”

రోజీ తల వంచుకునే ఊపింది.

“ఆ శుక్రవారం తెల్లారే పెద్దమ్మ ఫోన్ చేసింది. మీ పెదనాన్న ఆ కవర్లన్నీ మందిరానికి పంపించేస్తున్నాడు, స్లాబు తేదీ ఇచ్చేశాడు, డబ్బు చాలలేదు, నీ కవరు ఎవరికీ తెలియకుండా తీసుకెళ్ళిపో అంది. రిఫా వెళ్ళి తెచ్చుకున్నాను. ఆదివారం నేనే కంపెనీకి వెళ్ళి కట్టుకున్నాను.”

“నాకు చెప్పాలనిపించలేదా?”

“అనిపించిందక్కా. మా ఆయన వేరే కంపెనీకి మారడానికి కావలసిన రిలీజు కాగితం పెదనాన్న చేతిలో ఉంది. నోరు విప్పితే ఆ కాగితం రాదంది పెద్దమ్మ. రాకపోతే పిల్లాడితో సహా ఇంటికి పోవాలి. ఇవాళ హాల్లో మీరు నా పేరు పిలిచినప్పుడు చచ్చిపోతే బాగుండుననిపించింది.”

“చచ్చిపోనక్కర్లేదు. విన్నానని ఒక్క మాట అంటే సరిపోయేది.”

ఆ మాట జీవమ్మ గట్టిగా కూడా అనలేదు. మూడు రోజులు ఆసుపత్రిలో పట్టుకుని కూర్చున్న చెయ్యి ఇదేనా అని రోజీ చేతికేసి చూసింది. తెలిసి తెలిసి పది ఇళ్ళవాళ్ళను గుంటలోకి దిగనిచ్చి, తనొక్కతే గట్టున నిలబడింది. పైగా మూడు వారాలు ఫోన్ చేసి ‘గ్యాసు వచ్చిందా అక్కా’ అని అడిగింది.

“సరే. వచ్చే శుక్రవారం అందరి ముందూ ఇదే చెప్పు. ఒక కవరు నీదని తేలుతుంది. నా మీద మచ్చ సగం పోతుంది. మిగతా సగం మీ పెదనాన్న సంగతి నేను చూసుకుంటాను. నా కవరు ఆయనే కావాలని తీసి దాచాడు.”

రోజీ ఏడుపు ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, జీవమ్మను వింతగా చూసింది. ఆ చూపులో భయం పోయి జాలి వచ్చింది.

“మీ కవరు పెదనాన్న తియ్యలేదక్కా.”

“మరి?”

“మీకు నిజంగా తెలియదా?”

“ఏం తెలియాలి?”

రోజీ వంటింటి కిటికీలోంచి కిందకు చూసింది.

“నేను రిఫా వెళ్ళేసరికే అక్కడ ఇంకొకరున్నారక్కా. పెదనాన్నతో మెల్లగా మాట్లాడుతున్నారు. నన్ను చూసి మాట ఆపేశారు. చేతిలో ఒక కవరు ఉంది, మూల మీద మీ పసుపు వేలిముద్ర. జీవకి చెప్పకమ్మా, నేనే చెబుతాను అన్నారు.” ఆమె మళ్ళీ కిటికీకేసి చూసింది. “బావగారక్కా.”

జీవమ్మ స్టవ్ కేసి చూస్తూ నిలబడింది. ఇంట్లో ఉన్న రెండు ప్లేట్ల కరెంటు పొయ్యి కళ్ళ ముందుకొచ్చింది. టిమోతి దాన్ని భుజాన పెట్టుకుని తెచ్చి, ఉంటే మంచిదేగా అన్న రోజు కూడా గుర్తొచ్చింది. అది కవర్లు బల్ల మీద పెట్టిన మర్నాడు, శనివారం. ఆదివారం డబ్బు కట్టేస్తారని, సోమవారానికి నీలం బండి వస్తుందని పన్నెండిళ్ళూ ఎదురుచూస్తున్న రోజు. గ్యాసు రాదని ఆ రోజుకి ఎవరికీ తెలియదు.

కింద వీధిలో పికప్ హారన్ రెండుసార్లు మోగింది. తొమ్మిదేళ్ళుగా ఆమెను రమ్మని పిలిచేది అలాగే.